అగ్రిమెంట్ గడువు తీరకముందే ఇల్లు ఖాళీ చేయాలంటే

ప్రశ్న: నమస్తే మేడమ్. ఏడాదికి అగ్రిమెంట్ రాసుకుని ఈ అపార్ట్‌మెంట్‌లోకి వచ్చి నాలుగు నెలలైంది. పై ఫ్లాట్‌లో రాత్రి పదకొండు దాటాక కూడా కుర్చీలు ఈడుస్తూనే ఉంటారు. వారాంతాల్లో అర్ధరాత్రి దాకా పాటలు. మొదటిసారి మర్యాదగానే అడిగాం. రెండోసారి వెళ్లినప్పుడు మాటా మాటా పెరిగింది. అప్పట్నుంచి కావాలనే చేస్తున్నారనిపిస్తోంది. లిఫ్ట్‌లో కనబడితే ఏదో ఒక మాట విసురుతారు. ఒకరోజు రాత్రి మా తలుపు దబదబా బాది వెళ్లారు. ఓనర్ గారికి ఫోన్ చేస్తే "అపార్ట్‌మెంట్ అన్నాక సర్దుకుపోవాలమ్మా" అంటారు. నాకు నిద్ర లేదు, ఆఫీసులో పని సాగడం లేదు, బాబు రాత్రుళ్లు ఉలిక్కిపడి లేస్తున్నాడు. మధ్యలో ఖాళీ చేస్తే అడ్వాన్స్ తిరిగి ఇవ్వనని అగ్రిమెంట్‌లో ఉంది. "అద్దె ఆపేద్దాం, అడ్వాన్స్‌లో పట్టుకుంటాడు, తాళాలు పడేసి వెళ్లిపోదాం" అంటున్నారు మా వారు. నాకేమో భయంగా ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం: ముందు మీ వారి మాటకి జవాబు చెబుతాను. అద్దె ఆపొద్దు. తాళాలు పడేసి వెళ్లొద్దు. నెలల తరబడి నిద్ర లేని మనిషికి ఎలాగోలా బయటపడితే చాలనిపిస్తుంది, ఆయన విసుగులో తప్పేమీ లేదు. కానీ అద్దె ఆగిన రోజు నుంచి తప్పు మీ వైపుకి వచ్చేస్తుంది. ఇవాళ మీరు ఇబ్బంది పడుతున్న అద్దెదారులు. అద్దె ఆగితే బాకీ పడ్డ అద్దెదారులు. ఓనర్ చెప్పాల్సిన సంజాయిషీ అంతా పక్కకి పోయి, మీరు చెప్పాల్సినదే మిగులుతుంది. పైగా అడ్వాన్స్‌ని చివరి నెలల అద్దె కింద పట్టుకోవచ్చని అగ్రిమెంట్‌లో ఉంటే తప్ప, ఆ లెక్క మనంతట మనం వేసుకునేది కాదు. అది బాకీలకి, ఇంటికి జరిగే నష్టానికి పూచీగా ఓనర్ దగ్గర ఉన్న డబ్బు.

ఇక అసలు సంగతి. మీ గొడవ పై ఫ్లాట్ వాళ్లతో, మీ ఒప్పందం ఓనర్‌తో. మీ ఉత్తరం చదువుతుంటే ఈ రెండూ మీ ఇంట్లో ఒకటైపోయాయనిపించింది. పైవాళ్లది తప్పని మీరు ఎంత గట్టిగా నిరూపించినా, వాళ్లు మిమ్మల్ని అగ్రిమెంట్ నుంచి విడిపించలేరు. ఆ పని చేయగలిగేది ఓనర్ ఒక్కరే. కాబట్టి మిగిలిన ఓపికంతా పై మెట్లెక్కి దిగడానికి కాకుండా ఓనర్‌తో మాట్లాడటానికి దాచుకోండి.

ఆయనతో మాట్లాడే ముందు అగ్రిమెంట్ మొత్తం ఒకసారి, పగటిపూట, ఇద్దరూ కలిసి చదవండి. సంతకం పెట్టేటప్పుడు అద్దె, అడ్వాన్స్, తేదీలు చూసి మిగతాది వదిలేస్తాం. ఇప్పుడు ఆ మిగతాదే కావాలి. లాకిన్ పీరియడ్, అంటే ఇన్ని నెలల దాకా ఖాళీ చేయకూడదన్న గడువు, ఉందా, ఉంటే ఎన్ని నెలలు? కొన్ని ఒప్పందాల్లో లాకిన్ ఆరు నెలలే ఉండి, ఆ తర్వాత నోటీసిచ్చి వెళ్లొచ్చని ఉంటుంది. అలా ఉంటే మీ సమస్య సగం తీరినట్టే. నోటీసు ఎన్నాళ్ల ముందు ఇవ్వాలి, ఏ రూపంలో ఇవ్వాలి? మీ బదులు వేరే అద్దెదారుని పెట్టే వీలుందా? ఇరుగుపొరుగుకి ఇబ్బంది కలిగించకూడదనే షరతు మీ అగ్రిమెంట్‌లో ఉందా? ఉంటే పైవాళ్ల అగ్రిమెంట్‌లోనూ ఉండే అవకాశం ఎక్కువ.

అడ్వాన్స్ ఇవ్వనన్న వాక్యం దగ్గర కాసేపు ఆగండి. మధ్యలో వెళ్తే అడ్వాన్స్ మాత్రమే పోతుందని ఉందా, లేక అడ్వాన్స్ పోగా మిగిలిన నెలల అద్దె కూడా కట్టాలని ఉందా? మొదటిదైతే మీకు జరగగల నష్టం ఎంతో ఇప్పుడే తెలుస్తుంది. రెండోదైతే మరింత జాగ్రత్తగా నడవాలి. ఇంకో మాట. కాగితం మీద రాసిందల్లా చెల్లుబాటు అవుతుందని అనుకోకండి. ఓనర్ తనకి నిజంగా జరిగిన నష్టానికి మించి పట్టుకోకూడదని, ఖాళీ అయిన ఇంటికి కొత్తవాళ్ల కోసం తన వంతు ప్రయత్నం చేయాల్సిందేనని చాలాచోట్ల చట్టాలో కోర్టు తీర్పులో చెబుతాయి. మీరు ఖాళీ చేసిన నెలలోపే వేరేవాళ్లు దిగితే, అదే ఇంటికి మీ దగ్గరా వాళ్ల దగ్గరా అద్దె తీసుకోవడం చాలాచోట్ల కుదరదు. మీ ఊరి నిబంధన ఏమిటో అద్దె వ్యవహారాలు తెలిసిన లాయర్‌ని ఒక్కసారి అడిగితే తేలిపోతుంది. ఆ ఫీజు దండగ కాదు.

ఇక మీరు సూటిగా అడగకపోయినా మనసులో ఉన్న ప్రశ్న: ఇంత నరకం పెడుతుంటే ఊరికే వెళ్లిపోయే హక్కు మాకు లేదా? ఉండొచ్చు. కానీ మీరనుకున్నంత తేలిక కాదు. ఇంటిని ప్రశాంతంగా అనుభవించే హక్కు అద్దెదారుకి ఉంటుందని చాలా ఒప్పందాల్లో ఒక షరతు ఉంటుంది. అది చూసి "ఇదిగో, ప్రశాంతత లేదు కాబట్టి ఒప్పందం చెల్లదు" అనుకుంటాం. 1999లో బ్రిటన్‌లో ఈ తగాదా అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లింది. గోడలూ స్లాబులూ చప్పుడుని ఆపలేక పక్కవాళ్ల మామూలు జీవితమంతా వినబడుతోందని అద్దెదారులు మొరపెట్టుకున్నారు. వాళ్లు పడుతున్న బాధని లార్డ్స్ కాదనలేదు. అయినా ఇరుగుపొరుగు మామూలుగా బతుకుతుంటే వచ్చే చప్పుడు ఆ షరతు కిందికి రాదని తేల్చారు. అది మీకు వర్తించే తీర్పు కాకపోవచ్చు, కానీ న్యాయస్థానాలు ఎలా ఆలోచిస్తాయో తెలుస్తుంది. పిల్లల పరుగులు, నడక, తలుపు వేసిన చప్పుడు లాంటివి చూపించి ఒప్పందం తెంచుకోవడం కష్టం. అర్ధరాత్రి పాటలు, కక్షకట్టి చేసే చప్పుళ్లు, తలుపు బాదడం, బెదిరింపు మాటలు వేరే లెక్క. మీ కాగితాల్లో ఈ రెండిటినీ కలిపేయొద్దు. కుర్చీల చప్పుడు ముందు పెట్టి తలుపు బాదిన రాత్రిని చివర రాస్తే, చదివేవాళ్లకి మీరు చిన్నదానికి గోల చేస్తున్నారనిపిస్తుంది.

అమెరికాలో అయితే, ఉండలేని పరిస్థితి కల్పించి ఓనరే మనల్ని వెళ్లగొట్టినట్టు లెక్క అని వాదించే దారి ఒకటుంది. దానికీ షరతులున్నాయి. ఇబ్బంది తీవ్రంగా ఉండాలి, ఓనర్‌కి తెలియజేసి ఉండాలి, సరిచేయడానికి తగిన సమయం ఇచ్చి ఉండాలి, ఆయన చేతిలో ఉన్న పని ఆయన చేయకపోయి ఉండాలి, ఆ తర్వాత ఎక్కువ ఆలస్యం చేయకుండా మనం నిజంగానే ఖాళీ చేయాలి. ఏ దేశంలో ఉన్నా ఈ వరసని గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఎక్కడైనా మొదట అడిగేది ఇదే: ఓనర్‌కి రాతపూర్వకంగా చెప్పారా, ఆయన ఏం చేశారు?

"ఆయన చేతిలో ఉన్న పని" అన్నాను కదా, అందుకే ఒకటి కనుక్కోండి. పై ఫ్లాట్ ఎవరిది? అది కూడా మీ ఓనర్‌దే అయితే పైవాళ్లు ఆయన అద్దెదారులు. "నేనేం చేయగలనమ్మా" అనడానికి ఆయనకి వీల్లేదు. వాళ్లకి నోటీసివ్వగలరు, అగ్రిమెంట్ పొడిగించనని చెప్పగలరు. వేరే ఓనర్‌దైతే మీ ఓనర్ ఆ ఓనర్‌తోనూ అసోసియేషన్‌తోనూ మాట్లాడగలరు, అంతకు మించి ఆయనకి అధికారం లేదు. పైవాళ్లు సొంతిల్లు కొనుక్కుని ఉంటున్నవాళ్లైతే పరిస్థితి మారే ఆశ తక్కువ. అప్పుడు బయటపడే దారి మీద మాత్రమే దృష్టి పెట్టండి.

ఇవాళ్టి నుంచే ఒక నోట్‌బుక్ పెట్టండి. "రోజూ భరించలేని గోల" అని రాస్తే ఉపయోగం లేదు. ఇలా రాయండి: "శనివారం, తేదీ. రాత్రి 11:40 నుంచి 12:25 దాకా బెడ్‌రూమ్ పైన బరువైనదేదో ఈడ్చిన చప్పుడు, ఆగి ఆగి. మా తలుపులు, కిటికీలు మూసే ఉన్నాయి. 12:10కి సెక్యూరిటీకి ఫోన్ చేశాం, వచ్చి విని వెళ్లారు. బాబు రెండుసార్లు లేచాడు." అంతే. తిట్లు వద్దు, ఊహలు వద్దు. "కావాలనే చేశారు" అని రాయకండి, వాళ్ల మనసులో ఏముందో మీకు తెలియదు. మీరు విన్నది, చూసింది, ఆ సమయంలో మీరు చేసింది రాయండి. చప్పుడు లేని రాత్రులు కూడా రాయండి. అవి ఉంటేనే మిగతావి నమ్మబుద్ధవుతాయి. మీ పక్క ఫ్లాట్ వాళ్లకీ వినబడుతుంటే, వాళ్లు ఒక్క మెసేజ్ రాసిస్తే మీ పేజీలన్నిటికంటే బరువు ఎక్కువ.

ఫోన్‌లో రికార్డ్ చేయొచ్చు, మీ గదిలో నిలబడి మీకు వినబడే చప్పుడు మాత్రమే. వాళ్ల సొంత మాటల్ని చాటుగా రికార్డ్ చేయడం చాలాచోట్ల నేరమవుతుంది, ఆ పని చేయొద్దు. డెసిబెల్ యాప్‌ల మీద మరీ ఆధారపడకండి. ఫోన్ మైకులు మనిషి గొంతు కోసం తయారైనవి. స్లాబులోంచి దిగే లోతైన 'ధబ్' చప్పుడుని అవి తక్కువ చేసి చూపిస్తాయి. మీ గుండె అదిరిన చోట యాప్‌లో అంకె మామూలుగా కనబడొచ్చు, దాన్ని చూపించి ఓనర్ "ఇంతేనా" అనొచ్చు.

అయినా "సర్దుకుపోవాలమ్మా" అన్నప్పుడు మీదే సున్నితత్వమేమోనన్న అనుమానం వస్తుంది. అది పెట్టుకోకండి. నిద్ర పాడవకుండా ఉండాలంటే పడకగదిలో ఎడతెగని శబ్దం 30 డెసిబెల్స్ మించకూడదని, ఉన్నట్టుండి వచ్చే ఒక్కో చప్పుడు 45 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే మార్గదర్శకాలిచ్చింది. 10 డెసిబెల్స్ పెరిగితే చెవికి దాదాపు రెట్టింపు వినబడుతుంది. నిశ్శబ్దమైన రాత్రిలో ఒక కుర్చీ కాలు గచ్చు మీద గీరుకుంటే ఆ హద్దు దాటడానికి ఎంతోసేపు పట్టదు.

పైవాళ్ల గురించి కూడా ఒక న్యాయమైన మాట చెప్పాలి. నేల మీద తగిలిన దెబ్బ స్లాబు గుండా నేరుగా కిందికి దిగుతుంది. పైన ఉన్నవాళ్లకి చిన్నగా వినబడేది కింద పెద్దగా మోగొచ్చు. మొదట్లో వాళ్లకి నిజంగానే తెలిసి ఉండకపోవచ్చు. దీనికి మందు కూడా పైనే ఉంది: కుర్చీ కాళ్లకి మెత్తటి ప్యాడ్లు, మంచాల కింద, పిల్లలు ఆడుకునే చోట మందపాటి కార్పెట్, వాషింగ్ మెషీన్ కింద రబ్బరు. కింద మీ సీలింగ్‌కి ఏదో అతికించి ఖర్చు పెట్టుకోకండి, అద్దె ఇంట్లో అసలే వద్దు. మాటలైతే తలుపు సందులు మూసి కొంత తగ్గించొచ్చు గానీ, దెబ్బల చప్పుడు అలా ఆగదు.

కానీ ఈ సలహాలు వాళ్లకి మీరు వెళ్లి చెప్పే దశ దాటిపోయింది. తలుపు బాదిన తర్వాత ఇక మీరిద్దరిలో ఎవరూ పైకి వెళ్లొద్దు. చెప్పదలచుకున్నది అసోసియేషన్ ద్వారానో మేనేజర్ ద్వారానో కాగితం మీద చెప్పించండి. చీపురు కర్రతో సీలింగ్‌ని పొడవడం, మీరూ పాటలు పెట్టడం లాంటివి ఒక్కసారి కూడా చేయొద్దు. అలా చేస్తే మీ ఫిర్యాదు కాస్తా "ఇరువైపులా గొడవ"గా మారుతుంది, ఆ మాటతో ఓనర్ చేతులు దులుపుకుంటారు. లిఫ్ట్‌లో ఏదైనా అంటే జవాబివ్వకుండా దిగి, తేదీ వేసి రాసుకోండి. మళ్లీ తలుపు బాదినా, బెదిరించినా తలుపు తీయకుండా పోలీసులకి ఫోన్ చేయండి. అది చప్పుడు గొడవ కాదు, మీ భద్రత. దానికి ఓనర్ అనుమతి, అసోసియేషన్ మీటింగ్ అక్కర్లేదు.

ఇప్పుడు ఓనర్ దగ్గరికి వద్దాం. ఇప్పటిదాకా మీరు ఆయనకి ఫోన్‌లో బాధ చెప్పుకున్నారు. బాధ విన్నవాళ్లు ఓదారుస్తారు, ఆయన చేసింది అదే. ఇకమీదట కాగితం మీద ఒక ప్రతిపాదన పెట్టండి. ఆయన భయం మీ నిద్ర గురించి కాదు, ఇల్లు నెలల తరబడి ఖాళీగా ఉంటుందేమోనని. ఆ భయం తీరిస్తే మిగతాది మాట్లాడుకోవచ్చు. నేనైతే ఇలా రాస్తాను:

"నమస్కారమండీ. మీ ఫ్లాట్‌లోకి వచ్చినప్పటి నుంచి అద్దె ఏ నెలా ఆలస్యం చేయలేదు. పై ఫ్లాట్ నుంచి రాత్రుళ్లు వచ్చే చప్పుడు గురించి ఫలానా తేదీల్లో మీకు ఫోన్‌లో చెప్పాం. ఫలానా రాత్రి వాళ్లు మా తలుపు బాదారు. వివరాలు తేదీలతో సహా జత చేశాం. రెండు వారాల్లో దీనికి పరిష్కారం చూపించమని కోరుతున్నాం. అది వీలు కాకపోతే, ఫలానా తేదీకి ఇల్లు ఖాళీ చేయడానికి మీ అంగీకారం కావాలి. అప్పటిదాకా అద్దె మామూలుగానే కడతాం. కొత్తవాళ్ల కోసం మేమూ వెతుకుతాం. ఇల్లు చూడటానికి ఎవరైనా వస్తే ఒకరోజు ముందు చెప్పండి, చూపిస్తాం. అడ్వాన్స్ లెక్క గురించి కూర్చుని మాట్లాడుకుందాం."

ఈమెయిల్‌లో గానీ, అందినట్టు రసీదు వచ్చే పద్ధతిలో గానీ పంపండి. ఫోన్‌లో మాట్లాడితే తర్వాత "ఇందాక మీరు ఇలా అన్నారు, సరేనా" అని ఒక మెసేజ్ పెట్టండి. "అలాగేలే, చూద్దాం" అన్నది అంగీకారం కాదు.

బేరంలో ఎక్కడిదాకా వెళ్లొచ్చో ముందే మీ ఇద్దరూ అనుకోండి. నా దృష్టిలో, కొత్తవాళ్లు దిగేదాకా అద్దె కట్టడానికి ఒప్పుకుని, దానికి ఒక గరిష్ఠ గడువు పెట్టుకోవడం ఇద్దరికీ న్యాయం. గడువు లేకుండా ఒప్పుకోవద్దు, ఓనర్ తీరిగ్గా కూర్చోవచ్చు. అడ్వాన్స్‌లో కొంత వదులుకోవాల్సి వస్తే, దాన్ని ఓటమిగా చూడకండి. మిగిలిన ఎనిమిది నెలల అద్దెతో, ఈ ఎనిమిది నెలల రాత్రులతో పోల్చి చూసుకోండి.

కొత్తవాళ్లు ఇల్లు చూడటానికి వచ్చినప్పుడు పై ఫ్లాట్ సంగతి దాచొద్దని నా మనవి. ఎలాగైనా ఎవరో ఒకరు దిగితే చాలనిపిస్తుంది, తెలుసు. కానీ మీరు పడ్డ బాధ తెలియక ఇంకో పసిబిడ్డ తల్లి అందులో దిగితే మీకే మనశ్శాంతి ఉండదు. వాళ్లు అడగకముందే, తిట్టకుండా, "రాత్రి పదకొండు తర్వాత పైనుంచి చప్పుడు వస్తుంది, మాకు పడలేదు" అని చెప్పండి. రాత్రి డ్యూటీలు చేసేవాళ్లు, ఆలస్యంగా పడుకునేవాళ్లు దాన్ని పట్టించుకోకపోవచ్చు. ఇల్లు ఖాళీగా ఉండదు, ఎవర్నీ మోసం చేసినట్టూ ఉండదు.

ఓనర్ ఒప్పుకుంటే ఆ ఒప్పుకోలు రాయించుకునే దాకా సామాను కట్టకండి. ఒక పేజీ చాలు: పాత అగ్రిమెంట్ ఫలానా తేదీతో ఇరువురి అంగీకారంతో ముగుస్తోంది, ఆ తర్వాతి నెలల అద్దె బాకీ లేదు, అడ్వాన్స్‌లో ఇంత పట్టుకుని ఇంత ఫలానా తేదీలోగా తిరిగి ఇస్తారు, తాళాలు ఎన్ని అందాయి. ఇద్దరి సంతకాలు. ఇల్లు ఊడ్చి ఖాళీ చేశాక ఆయన్ని పిలిచి గది గదీ కలిసి చూడండి, గోడలు, కుళాయిలు, స్విచ్చులు, బాత్రూమ్ అంతా ఆగకుండా ఒకే వీడియో తీయండి. కరెంటు మీటర్ రీడింగ్ ఫొటో తీసుకోండి. తాళాలు సెక్యూరిటీ చేతిలో పెట్టి రావొద్దు, ఓనర్‌కే ఇచ్చి, అందినట్టు రాయించుకోండి. అడ్వాన్స్ తగాదాలు చాలావరకు ఇక్కడి నిర్లక్ష్యం వల్లే మొదలవుతాయి.

అసలు ఒప్పుకోకపోతే? అప్పుడు ఆ నోట్‌బుక్, పంపిన ఉత్తరాలు, సెక్యూరిటీ దగ్గరి ఫిర్యాదులు తీసుకుని లాయర్ దగ్గరికి వెళ్లండి. లాయర్ రాసిన ఒక్క ఉత్తరంతోనే మెత్తబడే ఓనర్లు ఉంటారు. ఆ సలహా వచ్చేదాకా మాత్రం అద్దె కడుతూనే ఉండండి. కొత్త ఇంటికి అడ్వాన్స్ ఇచ్చేసి ఇక్కడ ఇరుక్కోకండి, రెండు అద్దెలు మోయాల్సి వస్తుంది.

కొత్త ఇల్లు వెతికేటప్పుడు పగలు ఒకసారి, రాత్రి తొమ్మిది తర్వాత ఒకసారి వెళ్లి చూడండి. వీలైతే అన్నిటికంటే పై అంతస్తు తీసుకోండి. అగ్రిమెంట్‌లో లాకిన్ తక్కువ నెలలు పెట్టించండి, నోటీసిచ్చి వెళ్లే వాక్యం ఉండేలా చూసుకోండి.

ఇవన్నీ తేలేసరికి కొన్ని వారాలు పడుతుంది. అప్పటిదాకా పై చప్పుడు ఎక్కువగా వచ్చే గదిలోంచి మంచం మార్చేయండి. హాల్లో పడుకున్నా ఫర్వాలేదు, ముందు బాబు నిద్రపోవాలి. వారాంతాల్లో వెళ్లగలిగే బంధువుల ఇల్లుంటే వెళ్లండి. పై ఫ్లాట్ ఎవరిదో రేపే కనుక్కుని, ఈ వారంలోనే ఓనర్‌కి ఉత్తరం పంపండి. ఆయన ఏమని జవాబిచ్చారో నాకు మళ్లీ రాయండి, అగ్రిమెంట్‌లో ఆ అడ్వాన్స్ వాక్యం ఉన్నదున్నట్టు రాసి పంపితే దాని గురించి ఇంకా వివరంగా మాట్లాడుకుందాం.